తుపాకీకి తొడిగిన రబ్బరు

యోటాము కుడి భుజం గురించి ముందు చెప్పాలి. దాన్ని చూడని వాళ్ళకు మిగతాదంతా పిచ్చివాగుడులా ఉంటుంది.

మా అడవి కావలివాళ్ళకు సర్కారు ఇచ్చిన రైఫిళ్ళు ఏనుగును నిలవేయడానికి చేసినవి. తూటా ఎంత జోరుగా ముందుకు పోతుందో తుపాకీ అంత జోరుగా వెనక్కి తంతుంది. భుజానికి ఆనించే దాని మడమ ఉత్త కర్ర, చివర ఒక ఇనుపరేకు, అంతే. ఏళ్ళ తరబడి ఆ తన్నులు తిని యోటాము భుజం వంకాయ రంగుకు తిరిగింది. కాల్పులు జరిగిన రోజున సాయంత్రం అతని భార్య నెలేసి ఉప్పు వేయించి గుడ్డలో మూటకట్టి కాపడం పెట్టేది. అతను పళ్ళు బిగించి జోకులు వేస్తూ కూర్చునేవాడు.

నొప్పి భుజంతో ఆగిపోతే బాగానే ఉండేది. అది కళ్ళదాకా ఎక్కింది. ట్రిగ్గరు మీద వేలు బిగిసే లోపే అతని కళ్ళు మూసుకుపోయేవి, భుజం జంకేది, తూటా పోయి మట్టిలో దిగేది. దెబ్బ పడకముందే ఒళ్ళు దాన్ని తలుచుకుంటుంది, మరి. అందులో సిగ్గుపడాల్సిందేమీ లేదు, నాకూ ఆ జంకు ఉంది. యోటాము మాత్రం సిగ్గుతో చితికిపోయేవాడు.

ఏటా వానలు వెనకబట్టాక, అడవి చూడ్డానికి వచ్చే అతిథులు దిగకముందు, మాకు గురి పరీక్ష పెడతారు. మరీ ఎక్కువ తూటాలు తప్పినవాడి చేతిలోంచి రైఫిలు తీసుకుని గేటు దగ్గర కూర్చోబెడతారు. లువాంగ్వా నది ఒడ్డున అతిథులు కాలినడకన తిరుగుతుంటే వాళ్ళ వరసకు ముందు నడిచేది యోటామే. యోటాము నాన్నా అలాగే నడిచాడు. "గేటు ఎత్తి దించడం కంటే మొసలికి మధ్యాహ్నం భోజనమవడం నయం" అనేవాడు యోటాము. ఊరికే అనే మాట కాదది.

ఆ ఏడు పరీక్షకు కొద్దిరోజుల ముందు అతనికో పార్సెలు వచ్చింది. అంతకుముందు సీజనులో వచ్చిన ముసలి అతిథి ఒకాయన, తన దేశంలో పిట్టలు కొట్టే అలవాటున్నవాడు, నదిలో స్నానం చేస్తున్న యోటాము భుజం చూసి అయ్యో అనుకున్నాడట. ఆయన పంపిందే ఆ తొడుగు. నల్ల రబ్బరు, బొద్దుగా ఉంది, లోపలంతా తేనెపట్టులా గదులు. కాలికి జోడు తొడుక్కున్నట్టు తుపాకీ మడమకు తొడిగేయడమే. క్యాంపులో ప్రతివాడూ దాన్ని బొటనవేలితో నొక్కి చూశాడు. వంటవాడు చెంపకు ఆనించుకుని కళ్ళు మూసుకున్నాడు కూడా.

పరీక్షనాడు యోటాము కాల్చిన ప్రతి తూటా అట్టముక్క మధ్యలోనే పడింది. తుపాకీ తన్నింది, కానీ దిండుతో కొట్టినట్టు తన్నింది. అతను కళ్ళు తెరుచుకుని కాల్చడం నేను కళ్ళారా చూశాను. అయిపోయాక చొక్కా విప్పి భుజం అందరికీ చూపిస్తూ పిల్లాడిలా గంతులు వేశాడు. మా కావలివాళ్ళ పెద్ద సకాలా వీపు తట్టాడు. నాకూ సంతోషమే వేసింది, కాదనను. కానీ నా చూపంతా ఆ తుపాకీ పొడుగు మీదే ఉంది.

నేను పొట్టిదాన్ని. మాకిచ్చిన రైఫిళ్ళు పొడుగు మగాళ్ళకు కొలత తీసినవి. కొత్తలో నేను తుపాకీ గబుక్కున ఎత్తితే మడమ చంకలో ఇరుక్కునేది, లేకపోతే చొక్కా జేబు మూతకు తగులుకునేది. దాన్ని ముందుకు తోసి, పైకెత్తి, అప్పుడు భుజానికి లాక్కోవడం నేర్చుకోవడానికి నాకు రెండు సీజన్లు పట్టింది. ఇప్పుడు యోటాము తుపాకీ ఆ తొడుగు మందం మేరా పొడుగైంది. పైగా అది రబ్బరు. కర్రయితే బట్ట మీద జారుతుంది, రబ్బరు పట్టుకుంటుంది. మా వైపు ఎండలు మండేది అక్టోబరులో, అప్పుడు చెమటకు తడిసిన చొక్కానైతే జలగలా పట్టుకుంటుంది. పరీక్షలో ఇవేవీ బయటపడవు. అక్కడ తుపాకీని నింపాదిగా భుజానికి ఆనించుకుని, సర్దుకుని, ఊపిరి బిగబట్టి కాలుస్తాం. అట్టముక్క మన మీదికి పరిగెత్తుకు రాదు కదా.

ఆ సాయంత్రమే వాళ్ళింటికి వెళ్ళాను. నెలేసి మొక్కజొన్న పిండితో వండిన న్షిమా ముద్దలు పెడుతోంది, పక్కన కపెంటా చేపల పులుసు.

"వచ్చాయే కన్నీళ్ళు! చెంబు పట్టుకోవే నెలేసీ, వరద!" అన్నాడు యోటాము. నా పేరు మిసోజి. మా భాషలో ఆ మాటకు అర్థం కన్నీళ్ళు. గుమ్మంలో కాలు పెట్టిన ప్రతిసారీ అతనికి ఇదే పాట.

"నోర్ముయ్ బావా. ఆ తొడుగు మందం మేర కర్ర కోయించు. లేకపోతే తుపాకీ చంకలో ఇరుక్కుని చస్తావు."

"సర్కారు తుపాకీకి రంపం పెట్టమంటావా? నన్ను గేటు దగ్గర కూర్చోబెట్టి, వరస ముందు నువ్వు నడుద్దామనేగా పొట్టిదానా?"

"కోయొద్దులే. దాని మీద నున్నటి ప్లాస్టిక్ టేపన్నా చుట్టు. బట్టకు అంటుకోకుండా జారుతుంది."

"చుడతా చుడతా. నేను చచ్చాక నా మొహానికీ అదే చుట్టు."

"నీ మొహానికి టేపెందుకు దండగ, గోనెసంచి చాలు. నిన్ను పాతిపెట్టేది నేనే, గుర్తుంచుకో."

నెలేసి పొట్ట పట్టుకుని నవ్వింది. యోటామూ నవ్వాడు. నవ్వితే నాకూ నవ్వొచ్చింది. అదే మా ఖర్మ.

యోటాము నాకు మేనబావ. వాళ్ళమ్మా మా నాన్నా తోబుట్టువులు. మాలో బావామరదళ్ళ మాటకు పన్నుండదు. ఏమైనా అనొచ్చు, అవతలివాడు కోపం తెచ్చుకోకూడదు. తెచ్చుకుంటే పదిమందీ వాడికే తప్పు వేస్తారు. నీ పాడె మోస్తాననొచ్చు, నీ గొయ్యి తవ్వాననొచ్చు. చచ్చిపోయినప్పుడు గొయ్యి దగ్గర నిలబడి, మొహానికి పిండి పూసుకుని, చచ్చినవాడి చొక్కా తొడుక్కుని, వాడి నడకా వాడి మాటా అనుకరించి ఏడ్చేవాళ్ళను నవ్వించాల్సింది కూడా బావామరదళ్ళే. చిన్నప్పటినుంచీ నేను యోటామును ఎన్నిసార్లు చంపానో, అతను నన్ను ఎన్నిసార్లు పాతిపెట్టాడో లెక్కలేదు. అందుకే నిజంగా చావు కనిపించిన రోజున ఆ సంగతి చెప్పడానికి నా దగ్గర మాట మిగల్లేదు. నా మాటలన్నీ ఎప్పుడో ఎగతాళికి ఖర్చయిపోయాయి.

ఊరుకోలేదు నేను. మర్నాడు బోరింగు దగ్గర నెలేసిని పట్టుకుని, "నవ్వకుండా విను" అన్నాను. ఆ మాటకే నవ్వింది. "మీ బావామరదళ్ళ గొడవలో నన్ను ఇరికించకే తల్లీ" అని బిందె నెత్తికెత్తుకుంది. సకాలా దగ్గరికి పోయాను. ఆయన చెడ్డవాడు కాదు, నెమ్మదిగానే విన్నాడు.

"మిసోజీ, ఇది కావలిమనిషిగా చెబుతున్నావా, వాడి మరదలిగా చెబుతున్నావా?"

"మనిషిగా చెబుతున్నానయ్యా."

"వాడు పరీక్షలో ఒక్క తూటా తప్పలేదమ్మా. నువ్వు రెండు తప్పావు." అని ఆయన కళ్ళు చికిలించి నవ్వాడు. "బాగుందిలే. వాడికి చెబుతా, పొట్టిది నీ కుర్చీకి ఎసరు పెడుతోందని."

ఒళ్ళు మండిపోయింది. ఆ కోపంతోనే ఒకరోజు క్యాంపు వెనక, జైలోసి చూస్తుండగా, యోటామును నిలబెట్టి, "దున్నొచ్చింది, ఎత్తు!" అని అరిచాను. జైలోసి మా వరసలో వెనక నడిచేవాడు, మంచి కండలున్నవాడు. యోటాము తుపాకీ ఎత్తాడు. తొడుగు అంచు జేబు మూత కింద దూరి అక్కడే నిలిచిపోయింది. మోచెయ్యి గాల్లో, గొట్టం ఆకాశంలో. అతను దాన్ని విదిలించి లాక్కునేసరికి నిజం దున్నయితే వచ్చి, పని చూసుకుని, నీళ్ళు తాగి వెళ్ళిపోయి ఉండేది.

"చూశావా?" అన్నాను.

"నువ్వు అరిచిన తీరుకి నవ్వొచ్చింది, అందుకే తగులుకుంది" అన్నాడు యోటాము. తర్వాత ఒక్క క్షణం తొడుగు వంక చూశాడు, అంచును బొటనవేలితో రుద్దాడు. అప్పుడు ఇంకొక్క మాట నేను నెమ్మదిగా అని ఉంటే వినేవాడేమో అనిపిస్తుంది. కానీ జైలోసి కిసుక్కుమన్నాడు. దాంతో యోటాము మొహం మళ్ళీ మామూలైపోయింది. "ఎత్తరా జైలోసీ, నవ్వకుండా ఎత్తి చూపించు దీనికి!" అన్నాడు.

ఆ టేపు నేనే తెచ్చి చుట్టేద్దామనుకున్నాను. కానీ ఒకరి రైఫిలు మీద ఇంకొకరు చెయ్యి వేయకూడదు, అది మాకు ఒట్టులాంటిది. చుట్టేసి ఉండాల్సింది అని ఇప్పుడు సులువుగా అనొచ్చు. అప్పుడు నేను దాని దగ్గరికి కూడా పోలేదు.

అక్టోబరు వచ్చింది. నది సన్నబడింది, మొపానే చెట్లు ఆకు రాల్చేశాయి, నీళ్ళున్న మడుగుల దగ్గర జంతువులన్నీ ఒకదాన్నొకటి తోసుకుంటున్నాయి. ఆ రోజుల్లోనే నది వంపు దగ్గర ఒక ముసలి అడవిదున్న ఒంటరిగా తిరుగుతోందని కబురొచ్చింది. ముందుకాలికి ఎవరో దొంగవేటగాడు పన్నిన తీగె ఉచ్చు బిగిసి, మాంసంలో దిగి, చీము పట్టింది. మామూలు దున్న మనిషిని చూస్తే తల ఎత్తి ఆలోచిస్తుంది. ఇది ఆలోచించడం మానేసింది. నీళ్ళకు పోయిన ఒకావిడను చెట్టెక్కించి, ఆవిడ బిందెను తొక్కి తొక్కి రేకు చేసింది. ఆ బిందెను క్యాంపుకు తెచ్చి చూపించారు. దాన్ని చూసి ఎవరూ జోకు వేయలేదు.

"రేపు పొద్దున్నే పోయి దాని బాధ తీర్చండి" అన్నాడు సకాలా.

తెల్లారుతూనే బయల్దేరాం. ముందు యోటాము, వెనక నేను, నా వెనక జైలోసి. యోటాము ఆ రోజు చాలా హుషారుగా ఉన్నాడు. తుపాకీని ముద్దుగా తడుముతూ, "ఇవాళ దీనికి నిజమైన పని" అన్నాడు.

"బావా, నన్ను ముందు నడవనీ."

"ఏం, పెళ్ళి చూపులా?"

"బావా, నేను ఎగతాళికి అనడం లేదు."

"నువ్వు ఎగతాళి చేయని రోజు నేను బతికుండనులే, పద."

ఆ మాటకు జైలోసి వెనకనుంచి నవ్వాడు. నేను నవ్వలేదు.

జాడ సులువుగానే దొరికింది. మూడు గిట్టలు లోతుగా, నాలుగోది ఈడ్చుకుంటూ, పక్కన పసుపు చుక్కలు. ఆ జాడ నదికి దూరంగా ముళ్ళపొదల్లోకి తీసుకెళ్ళింది. ఎండ ఎక్కేసరికి చొక్కాలు వీపులకు అంటుకుపోయాయి. ఈగలు కూడా ఎక్కడో దాక్కున్నాయి. ఒకచోట జాడ మలుపు తిరిగి, మేము వచ్చిన దారికే పక్కగా వెనక్కి మళ్ళింది. యోటాము చెయ్యి ఎత్తి ఆపాడు. మాకందరికీ ఒక్కసారే అర్థమైంది. అది పారిపోవడం లేదు. దాని జాడ పట్టుకుని వచ్చేవాళ్ళ కోసం తన దారి పక్కనే నిలబడి ఎదురుచూస్తోంది.

పొదలో ఒక పిట్ట కిర్రుమంది, దున్నల వీపు మీద పేలు ఏరుకుతినే పిట్ట. అది లేచిందంటే దాని కింద ఉన్నది కదిలిందని అర్థం.

దున్న పక్కనుంచి వచ్చింది. కుంటుతూ కూడా అంత వేగం ఎలా వచ్చిందో! యోటాము గిరుక్కున తిరిగాడు. కళ్ళు పూర్తిగా తెరిచే ఉన్నాయి, నేను చూశాను, జంకు అన్నది లేదు ఆ మొహంలో. తుపాకీ ఎత్తాడు. రబ్బరు తడి చొక్కాను పట్టుకుంది. చొక్కా మడత పడి జేబు దాకా లేచింది, తొడుగు అంచు మూత కింద దూరింది, మడమ చంక దగ్గర నిలిచిపోయింది. అతను లాగాడు. మళ్ళీ లాగాడు. ఆ రెండో లాగుడుకు తుపాకీ పేలింది, తూటా చెట్టుకొమ్మల్లోకి పోయింది.

నేను తోసి, ఎత్తి, లాక్కుని కాల్చాను. నా జంకు ఎక్కడ పోయిందో తెలియదు. మళ్ళీ కాల్చాను. జైలోసీ కాల్చాడు. దున్న మోకాళ్ళ మీద కూలింది, కానీ అప్పటికే అది యోటామును కుమ్మేసి దాటి వచ్చేసింది.

నేను అతని తల ఒళ్ళో పెట్టుకున్నాను. కడుపు వంక చూడకూడదని నాకు తెలుసు, చూడలేదు. జైలోసి రేడియోలో అరుస్తున్నాడు. యోటాము నా వంక చాలాసేపు చూశాడు, ఏదో లెక్క సరిచూసుకుంటున్నవాడిలా.

"అయితే పొట్టిదానా" అన్నాడు, "నువ్వు నిజంగానే అన్నావా?"

నేను అవునని తల ఊపాను. అతను చూసీ చూడకుండానే పోయాడు.

అంత్యక్రియలకు ఊరూవాడా కదిలొచ్చింది. కావలివాళ్ళం వరసగా నిలబడి గాల్లోకి తుపాకులు పేల్చాం. యోటాము రైఫిలు అప్పటికే జైలోసి చేతికిచ్చారు. పేల్చాక అతను నా పక్కకు వంగి, బాధతోనే, "ఎంత మెత్తగా ఉందే మిసోజీ! భుజానికి తెలియనే లేదు" అన్నాడు. చూస్తే మడమకు ఆ రబ్బరు తొడుగు అలాగే ఉంది. ఎవరో రక్తం తుడిచి మళ్ళీ తొడిగారు. "తీసెయ్ దాన్ని" అన్నాను. జైలోసి నా మొహానికి పూసుకున్న పిండి చూశాడు, నేను వేసుకున్న యోటాము చొక్కా చూశాడు, పెదవి చివర నవ్వు ఆపుకున్నాడు. అవును మరి, నేను ఆ వేళకు మరదలి వేషంలో ఉన్నాను.

నా వంతు వచ్చింది. రోకలిని తుపాకీలా భుజాన పెట్టుకుని జనం మధ్యలోకి నడిచాను. యోటాములా ఛాతీ విరుచుకున్నాను, అతనిలా ఈల వేశాను, అతిథులతో మాట్లాడినట్టు "నడవండమ్మా, ఈ మొసలి మాంసం తినదు, శుక్రవారం కదా" అన్నాను. ఏడుస్తున్న ఆడవాళ్ళు ముక్కులు చీదుకుంటూ నవ్వారు. ఇంకా కావాలని చప్పట్లు కొట్టారు. అప్పుడు నేను "దున్న!" అని అరిచి రోకలి ఎత్తాను. రోకలి చంకలో పెట్టాను, జేబు మూత కింద దూర్చాను, లాగాను. మళ్ళీ లాగాను. మోచెయ్యి గాల్లో పెట్టుకుని, నోరు తెరుచుకుని, అక్కడే నిలిచిపోయాను.

జనం పగలబడి నవ్వారు.

"నవ్వకండి! ఇలాగే పోయాడు వాడు! ఆ రబ్బరు పట్టుకుంది, ఇదిగో ఇక్కడ!" అని అరిచాను. నా కళ్ళవెంట నీళ్ళు కారి పిండి చారలు కట్టింది. అది చూసి ఇంకా నవ్వారు. సకాలా కళ్ళు తుడుచుకుంటూ నవ్వాడు. గొయ్యి దగ్గర కూర్చున్న నెలేసి ఒక్కతే నవ్వలేదు. ఆమె నా చంక వంకే చూస్తోంది. బోరింగు దగ్గర నేనేం చెప్పానో ఆమెకు గుర్తొచ్చిందని నాకు తెలిసింది. ఆ చూపు నేను భరించలేకపోయాను.

నిజం చెప్పి లాభం లేదని తేలిపోయాక, మరదలిగా నాకున్న హక్కు వాడుకున్నాను. చావింట వేషం కట్టిన మరదలు ఏది అడిగినా కాదనకూడదు. టోపీ లాక్కున్నా, కోడిని పట్టుకుపోయినా నవ్వుతూ వదిలేయాలి. నేను గంతులు వేసుకుంటూ జైలోసి దగ్గరికి పోయాను. "ఒరేయ్, మా బావ జోడు ఒకటి నీ దగ్గరుండిపోయింది, చెప్పు లేకుండా అంత దూరం ఎలా నడుస్తాడురా?" అంటూ తుపాకీ మడమ పట్టుకుని ఆ తొడుగు ఊడబెరికాను.

"అది వద్దే! మెత్తగా ఉంటుందే!" అన్నాడు జైలోసి. కానీ కాదనలేడు కదా. అందరూ చూస్తున్నారు.

కాస్త అవతల, వచ్చినవాళ్ళ కోసం న్షిమా వండుతున్న పెద్ద పొయ్యిలో దాన్ని విసిరేశాను. నల్లటి పొగ లేచింది. వంటవాళ్ళు ముక్కులు మూసుకుని నన్ను తిట్టారు, జనం విరగబడి నవ్వారు. జైలోసి ఉత్త కర్రగా మిగిలిన మడమను తడుముకుని, తన భుజం తడుముకుని, చివరికి తనూ నవ్వాడు. నవ్వితే నవ్వనీ. రేపటినుంచి వరసలో ముందు నడవాల్సింది అతనే.